గేర్‌బాక్స్‌కు అదనపు కూలర్: ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి, అసలు కావాలా?

ఘాట్ రోడ్డు మీద వెనక ట్రైలర్ తగిలించుకుని ఎక్కుతున్నాం. డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపించే ముల్లు నడిమధ్యలో కుదురుగా ఉంది. పక్కన ఫోన్‌లో స్కానర్ యాప్ మాత్రం గేర్‌బాక్స్ ఆయిల్ 96 డిగ్రీలంది. మూడు మలుపులు తిరిగేసరికి 107. పైకి చేరబోయే ముందు 119. ముల్లు అప్పటికీ ఉన్నచోటే ఉంది. అది చెప్పేది ఇంజిన్ కూలెంట్ సంగతి. గేర్‌బాక్స్ లోపల ఆయిల్ ఎంత ఉడుకుతోందో దానికి తెలియదు. చాలా కార్లలో ఆ రెండో అంకె డ్రైవరుకు కనిపించే ఏర్పాటే ఉండదు.

ఆ ప్రయాణం తర్వాత నేను గేర్‌బాక్స్ ఆయిల్‌ను చల్లబరిచే అదనపు కూలర్ వేటలో పడ్డాను. దారిలో రెండు తప్పులు చేశాను, వాటి సంగతి కింద వస్తుంది. ఈ సలహా అంతా ఒక మాట మీద ఆధారపడి ఉంది కాబట్టి అది ముందే చెప్పేస్తాను: కూలర్ కంటే ముందు ఆ అంకెను చూసే సాధనం కొనండి. ఓబీడీ పోర్టులో (మెకానిక్ స్కానర్ తగిలించే సాకెట్) పెట్టే చిన్న అడాప్టర్, గేర్‌బాక్స్ ఉష్ణోగ్రత చదవగలిగే యాప్ ఉంటే సరిపోతుంది. అన్ని యాప్‌లూ దాన్ని చదవలేవు. ఆ కోడ్ కంపెనీని బట్టి మారుతుంది, మీ మోడల్‌కు పనిచేస్తుందో లేదో చూసి తీసుకోండి. యాప్‌కు అందకపోతే గేర్‌బాక్స్ నుంచి బయటికొచ్చే వేడి ఆయిల్ గొట్టంలో (దీన్నే లైన్ అంటారు) సెన్సార్ పెట్టించి విడిగా గేజ్ బిగించుకోవచ్చు. వారం పది రోజులు మీరు మామూలుగా తిరిగే దారుల్లోనే తిరిగి అంకెలు గమనిస్తే సగం ప్రశ్నలు అక్కడే తేలిపోతాయి. కొంతమందికి కూలర్ కొనే పనే లేదని తేలుతుంది.

ముందు మీ గేర్‌బాక్స్ ఏ రకమో తేల్చుకోండి

క్లచ్ పెడల్ లేకపోతే చాలు, అన్నిటినీ ఆటోమేటిక్ అనేస్తాం. కూలర్ దగ్గరికొచ్చేసరికి ఈ తేడా తెలియకపోతే పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేర్ మార్చడం మనిషికి బదులు యంత్రం చేస్తుంది. అందులో వేడెక్కేది పొడి క్లచ్ ప్లేటు. అక్కడ ఆయిలే లేదు కాబట్టి కూలర్ చేసేదేమీ ఉండదు. డీసీటీ అంటే రెండు క్లచ్‌ల గేర్‌బాక్స్, అందులో డ్రై క్లచ్ రకానికీ ఇదే వర్తిస్తుంది. ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినప్పుడు బ్రేకు వాడకుండా యాక్సిలరేటర్‌తోనే కారును నిలబెట్టే అలవాటు మానుకుంటే ఈ రెండింటికీ కూలర్ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

క్లచ్‌లు ఆయిల్‌లో మునిగి ఉండే వెట్ క్లచ్ డీసీటీలో, గేర్లకు బదులు బెల్టుతో నడిచే సీవీటీలో ఆయిల్ ఉంటుంది, అది వేడెక్కుతుంది కూడా. సీవీటీ మరీ వేడెక్కితే కంప్యూటర్ తనంతట తానే పవర్ తగ్గించేస్తుంది. ఎంత తొక్కినా బండి లాగడం లేదని కంగారు పడేది అప్పుడే. కానీ ఈ రకాల్లో చాలావాటికి గేర్‌బాక్స్ మీదే ఆయిల్ వేడిని కూలెంట్‌కు అందించే చిన్న హీట్ ఎక్స్ఛేంజర్ బిగించి ఉంటుంది. కూలెంట్ పైపులే దాని దగ్గరికి వస్తాయి తప్ప ఆయిల్ లైన్లు బయటికి రావు. కోసి కలపడానికి లైనే లేనప్పుడు బజారులో దొరికే మామూలు కిట్ పనికిరాదు. సరిగ్గా ఆ మోడల్ కోసమే చేసిన అడాప్టర్ ప్లేటుతో వచ్చే కిట్ ఉంటే చూడండి. లేకపోతే ఆ ఆలోచన వదిలేసి ఆయిల్‌ను గడువు కంటే ముందుగా మార్పించుకోవడం మంచిది.

మిగిలింది టార్క్ కన్వర్టర్ ఉన్న అసలు ఆటోమేటిక్. ఇక్కడినుంచి చెప్పేదంతా దాని గురించే.

ఈ వేడి ఎక్కడ పుడుతుంది?

టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ వైపు ఒక చక్రం, గేర్‌బాక్స్ వైపు ఇంకో చక్రం ఉంటాయి. రెండింటినీ కలిపేది మధ్యలో తిరిగే ఆయిలే. రెండూ ఒకే వేగంతో తిరుగుతుంటే పెద్ద వేడి పుట్టదు. ఒకటి గబగబా తిరుగుతూ రెండోది మెల్లగా తిరిగినప్పుడు ఆయిల్ కవ్వం కింద మజ్జిగలా చిలకబడుతుంది, ఇంజిన్ శక్తిలో కొంత అక్కడే వేడిగా మారుతుంది. వేగం అందుకున్నాక లాకప్ క్లచ్ పడి రెండు చక్రాలూ ఒక్కటవుతాయి. అప్పుడు ఈ చిలకడం ఆగిపోతుంది.

కాబట్టి గంటకు 100 కిలోమీటర్లతో హైవే మీద గంటలకొద్దీ వెళ్లడం గేర్‌బాక్స్‌కు విశ్రాంతే. దాన్ని చంపేది తక్కువ వేగం, ఎక్కువ బరువు: ఘాట్ రోడ్డు, ట్రైలర్, ఇసుక, బురద, అంగుళం అంగుళం కదిలే ట్రాఫిక్. అందులోనూ ట్రాఫిక్‌లో ఇంకో చిక్కు ఉంది. వేడి పుడుతుంది కానీ ముందునుంచి గాలి రాదు. కూలర్ ఎంపికలో ఇది అన్నిటికంటే పెద్ద విషయం. మీ వేడి గాలి ఉన్నప్పుడు పుడుతోందా, లేనప్పుడు పుడుతోందా?

ఇక అంకెల సంగతి. 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉంటే ఆయిల్ హాయిగా ఉన్నట్టు. ఈమధ్య వచ్చిన గేర్‌బాక్సులు కొన్ని మైలేజీ కోసం కావాలనే 100 దాకా వెళ్లేలా తయారయ్యాయి, ఆ అంకె చూసి టెన్షన్ పడక్కర్లేదు. ఎప్పుడో ఒక ఎక్కుడులో 110 తాకి దిగిపోతే సరే. రోజూ 110 దగ్గరే తిరుగుతుంటే కూలర్ గురించి ఆలోచించాల్సిందే. 120 దాటితే ఆయిల్ పాడవడం మొదలై లోపల వార్నిష్‌లాంటి పొర కడుతుంది, ఇంకా పైకి వెళ్లే కొద్దీ రబ్బరు సీళ్లు గట్టిపడతాయి. ప్రతి 10 డిగ్రీలకూ ఆయిల్ ఆక్సీకరణ దాదాపు రెట్టింపవుతుందనేది మెకానిక్‌లూ రసాయన శాస్త్రమూ ఒప్పుకునే మోటు లెక్క. 130 కనిపిస్తే మాత్రం పక్కకు ఆపండి. ఆపి వెంటనే ఇంజిన్ కట్టేయకండి. పార్క్‌లో పెట్టి ఇంజిన్‌ను కాసేపు నడవనిస్తే పంపు ఆయిల్‌ను కూలర్ గుండా తిప్పుతుంది, చిలకడం ఉండదు, అంకె కళ్లముందే దిగుతుంది.

రేడియేటర్‌లో ఉన్న కూలర్‌ను ఉంచాలా, తప్పించాలా?

కూలర్ రకం కంటే పెద్ద నిర్ణయం ఇది. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుదాం.

చాలా కార్లలో కంపెనీ ఇచ్చిన కూలర్ రేడియేటర్ చివరన ఉండే ట్యాంకు లోపలే దాక్కుని ఉంటుంది. చుట్టూ కూలెంట్, లోపల పైపులో గేర్‌బాక్స్ ఆయిల్. దీన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు కానీ నాకు దీనిమీద గౌరవమే. నీరు గాలికంటే ఎన్నో రెట్లు బాగా వేడి లాగుతుంది, అందుకే అంత చిన్న గొట్టం అంత పని చేయగలుగుతోంది. పైగా పొద్దున్నే చల్లగా ఉన్న ఆయిల్‌ను అదే కూలెంట్ వేడి చేస్తుంది కూడా. దాని పరిమితి ఒక్కటే: చుట్టూ ఉన్న కూలెంట్ కంటే కిందికి ఆయిల్‌ను దించలేదు. ఎక్కుడులో ఇంజినే ఆయాసపడుతున్నప్పుడు కూలెంట్ వేడెక్కుతుంది, సరిగ్గా మనకు అవసరమైనప్పుడే దాని సాయం తగ్గిపోతుంది.

అందుకని ఎక్కువమందికి పనికొచ్చే ఏర్పాటు ఇది: ఆయిల్ గేర్‌బాక్స్ నుంచి ముందు రేడియేటర్‌కు వెళ్లాలి, అక్కడినుంచి కొత్త కూలర్‌కు, తర్వాత తిరిగి గేర్‌బాక్స్‌కు. పెద్ద వేడిని కూలెంట్ దింపుతుంది, మిగిలింది గాలి దింపుతుంది. ఈ వరుస తిరగబడితే కొత్త కూలర్ చల్లబరిచిన ఆయిల్‌ను రేడియేటర్ మళ్లీ వేడిచేసి పంపుతుంది. నాకు చూపించిన ఒక బండిలో సరిగ్గా ఇదే జరిగింది. కూలర్ పెట్టాక అంకెలో ఏ మార్పూ లేదని ఓనరు కంపెనీని తిడుతున్నాడు. లైన్లు మార్చగానే తేడా కనిపించింది.

మరి రేడియేటర్‌ను పూర్తిగా తప్పించమని కొందరు ఎందుకు చెబుతారు? దానికీ కారణం ఉంది, మా బావమరిది బండిలో చూశాను. కూలెంట్ ట్యాంకు మూత తీస్తే స్ట్రాబెర్రీ పాలలాంటి గులాబీరంగు నురగ. రేడియేటర్ లోపలి ఆయిల్ గొట్టం తుప్పుపట్టి చిల్లుపడింది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు ఆయిల్ ఒత్తిడి ఎక్కువ కాబట్టి అది కూలెంట్‌లోకి వెళ్లింది. ఇంజిన్ ఆపాక కూలెంట్ ఒత్తిడి గెలిచి గేర్‌బాక్స్‌లోకి చేరింది. గేర్‌బాక్స్ లోపల క్లచ్ ప్లేట్ల మీది పొరను అంటించిన జిగురుకు కూలెంట్‌లోని నీళ్లు, గ్లైకాల్ పడవు, పొర ఊడిపోతుంది. ఆయిల్ మార్చి కడిగినా మూడు నెలలు కూడా నడవలేదు, గేర్‌బాక్స్ మొత్తం విప్పాల్సి వచ్చింది.

రేడియేటర్ బాగా పాతదై, ఎప్పుడు ఏమవుతుందో తెలియని స్థితిలో ఉంటే నా ఓటు ముందు రేడియేటర్ మార్చడానికే. అది కుదరకపోతేనే దాన్ని తప్పించాలి. తప్పిస్తే మాత్రం రెండు పనులు తప్పనిసరి. ఇప్పుడు గాలి కూలర్ ఒక్కటే మొత్తం భారం మోయాలి కాబట్టి పెద్ద సైజు తీసుకోవాలి. లైన్‌లో థర్మోస్టాట్ పెట్టాలి. ఈ రెండోది చేయకపోవడమే నా మొదటి తప్పు. చలికాలం పొద్దున్న 20 కిలోమీటర్లు వెళ్లినా ఆయిల్ 55 దాటలేదు. లాకప్ పడటానికి చాలాసేపు పట్టేది, గేర్లు బరువుగా పడేవి, మైలేజీ తగ్గింది. ఎంత చల్లగా ఉంటే అంత మంచిదనుకున్న నాకు అప్పటిదాకా గేర్‌బాక్స్‌కు చలి కూడా చేస్తుందని తెలియదు. ఆయిల్‌లో చేరిన చెమ్మ ఆవిరైపోవాలన్నా కాస్త వేడి ఉండాలి.

థర్మోస్టాట్ అంటే ఆయిల్ లైన్ల మధ్య పెట్టే చిన్న వాల్వు. ఆయిల్ 80 డిగ్రీల చుట్టుపక్కలకు వచ్చేదాకా కూలర్‌కు పోనివ్వకుండా దగ్గరి దారిలో వెనక్కి పంపేస్తుంది. రేడియేటర్ కూలర్ లైన్‌లోనే ఉండి, మీ దగ్గర చలి పెద్దగా లేకపోతే ఇది లేకున్నా నడుస్తుంది. కొన్ని కొత్త గేర్‌బాక్సులకు ఇలాంటి వాల్వు కంపెనీ నుంచే వస్తుంది. అలాంటి వాటికి ఎంత పెద్ద కూలర్ పెట్టినా వాల్వు తెరుచుకునే ఉష్ణోగ్రత కిందికి అంకె దిగదు. అది లోపం కాదు, ఎక్కుడులో అంకె ఎక్కడ ఆగుతోందో చూడండి.

మూడు రకాల కూలర్లు

చవకైనది ట్యూబ్ అండ్ ఫిన్. ఒకే పొడుగాటి గొట్టం పాములా మెలికలు తిరుగుతూ సన్నటి రేకుల మధ్య నుంచి వెళ్తుంది. గొట్టం గోడకు తగిలే ఆయిల్ చల్లబడుతుంది, నడిమధ్యన పారే ఆయిల్ అంత చల్లబడకుండానే బయటికొస్తుంది. ఆయిల్ మొత్తం ఆ ఒక్క గొట్టంలోంచే పోవాలి కాబట్టి చల్లగా చిక్కగా ఉన్నప్పుడు అడ్డు ఎక్కువ. అయినా దీన్ని పూర్తిగా తీసిపారేయను. చిన్న కారు, బరువు లాగే పని లేదు, రేడియేటర్ కూలర్ పనిచేస్తోంది, అంకె 105 నుంచి 95కు దిగితే చాలు అనుకునేవారికి ఇది సరిపోతుంది. గట్టిది కూడా, చిన్నచిన్న రాళ్లను తట్టుకుంటుంది.

ప్లేట్ అండ్ ఫిన్‌లో గొట్టం బదులు పలుచని పలకలుంటాయి. ఆయిల్ వాటిలో పలుచగా పరుచుకుని పారుతుంది కాబట్టి గోడకు ఎక్కువగా తగులుతుంది. అదే సైజులో ట్యూబ్ రకం కంటే చాలా మెరుగు.

స్టాక్డ్ ప్లేట్ ఆ ఆలోచనకే ఇంకో మెట్టు. పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, అన్నిటినీ కలిపి అతికిస్తారు. ఆయిల్ ఒకేసారి చాలా పలకల్లోకి చీలిపోతుంది కాబట్టి అడ్డు తక్కువ, చల్లబరచడం ఎక్కువ. కొన్నిటిలో ఆయిల్ చిక్కగా ఉన్నప్పుడు కాస్త వెడల్పాటి దారి గుండా తప్పుకుపోయే ఏర్పాటు లోపలే ఉంటుంది. బరువు లాగేవాళ్లకు, ఘాట్ రోడ్ల మీద తిరిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. ధరలో తేడా ఉంటుంది కానీ బంపర్ విప్పే కూలీ ఏ రకానికైనా ఒకటే. రెండుసార్లు విప్పడం కంటే ఒక్కసారి మంచిది పెట్టుకోవడం మేలు.

అడ్డు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, చాలా ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో కూలర్ నుంచి తిరిగొచ్చే ఆయిలే లోపలి గేర్లకూ బుష్‌లకూ కందెనగా పోతుంది. సన్నటి హోస్, నాలుగైదు 90 డిగ్రీల మలుపులు, ఇరుకు కూలర్ కలిశాయంటే ఆయిల్ చల్లగానే ఉంటుంది, కానీ గేర్లకు చాలినంత అందదు. చల్లటి ఆయిల్‌తో గేర్‌బాక్స్ అరిగిపోవడమంటే కడుపు నిండా తిని నీరసపడటం లాంటిది.

ఈ మూడింటిలో దేనికైనా ఫ్యాను జత చేయవచ్చు. మీ వేడి ట్రాఫిక్‌లో పుడుతుంటే దీన్ని ఆలోచించాలి, అయితే కూలర్ ఎక్కడుందన్న దాన్నిబట్టి. ఏసీ కండెన్సర్ (రేడియేటర్ ముందుండే ఏసీ జాలీ) ముందు బిగిస్తే రేడియేటర్ ఫ్యానే దాని గుండా కూడా గాలి లాగుతుంది, విడిగా ఇంకోటి అక్కర్లేదు. ముందు చోటు లేక బండి కిందనో చక్రం పక్కనో బిగించాల్సి వస్తే ఫ్యాను లేకుండా దండగ. ఫ్యానుకు సొంత ఫ్యూజు, రిలే, ఆయిల్ వేడికి ఆన్ అయ్యే స్విచ్ ఉండాలి. డ్యాష్‌బోర్డులో చేత్తో వేసే స్విచ్ పెడతానంటే ఒప్పుకోకండి, కావాల్సిన రోజునే మర్చిపోతారు.

సైజు

కంపెనీలు కూలర్ పెట్టె మీద ఎంత బరువు బండికి సరిపోతుందో రాస్తాయి. మీ బండి ఖాళీ బరువు కాదు, మనుషులు, సామాను, ట్రైలర్ అన్నీ కలిపి లెక్కవేయండి. రేడియేటర్ కూలర్ ఉంచుకుంటే ఆ లెక్కకు తగినది చాలు, తప్పిస్తే ఒక సైజు పైది. ముందు భాగం మొత్తం కప్పేసేంత పెద్దది మాత్రం వద్దు. కూలర్ గుండా వచ్చిన గాలి అప్పటికే వెచ్చబడి ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ పోతుంది. ఒకదాన్ని చల్లబరచబోయి ఇంకోదాన్ని ఉడికించినట్టవుతుంది.

బిగింపు: నా రెండో తప్పు

చాలా కిట్లతో ప్లాస్టిక్ పుల్లలు వస్తాయి. కూలర్‌ను కండెన్సర్‌కు ఆనించి, రేకుల మధ్య నుంచి ఈ పుల్లలు దూర్చి వెనక లాగి బిగిస్తారు. పది నిమిషాల పని. నేను బండి ఇచ్చిన వర్క్‌షాపులోనూ అలాగే చేశారు, నేనూ పక్కనే నిలబడి చూశాను, ఏమీ అనలేదు. ఆరు నెలలకు ఏసీ చల్లదనం తగ్గింది. గ్యాస్ నింపిస్తే రెండు వారాలకు మళ్లీ ఖాళీ. బంపర్ తీసి చూస్తే కూలర్ మూల కండెన్సర్ గొట్టం మీద రుద్దుకుని మెరిసే గీత పడింది, ఆ గీత మధ్యలో సూదిమొనంత చిల్లు, చుట్టూ నూనె తడి. కదిలే ప్రతి కిలోమీటరూ ఆకురాయిలా అరగదీసింది. కూలర్ కంటే కండెన్సర్‌కు అయిన ఖర్చే ఎక్కువ.

ఇప్పుడు నా మాట ఒక్కటే: రేకు బ్రాకెట్లతో బండి చట్రానికి బిగించండి. రేడియేటర్‌ను మోసే అడ్డపట్టీకి పైనా కిందా రెండేసి బోల్టులు, మధ్యలో రబ్బరు గ్రోమెట్లు. కండెన్సర్‌కూ కూలర్‌కూ మధ్య వేలు దూరేంత సందు. ఒక పూట ఎక్కువ పడుతుంది. మెకానిక్ పుల్లలు చాలంటే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి. హోస్ తగిలించే మూతులు పైకి గానీ పక్కకు గానీ ఉండేలా నిలపండి, కిందికి ఉంటే పైన గాలి ఇరుక్కుపోవచ్చు.

హోస్‌లూ క్లాంపులూ

కూలర్ పగిలి గేర్‌బాక్స్ పోవడం అరుదు. హోస్ ఊడి, ఆయిల్ అంతా రోడ్డు మీద పోయి, లాగుతూ వెళ్లి గేర్‌బాక్స్ మాడిపోవడమే ఎక్కువ. అయినా అందరూ కూలర్ బ్రాండు గురించి గంటలకొద్దీ వెతికి, హోస్ దగ్గర షాపువాడు ఏది ఇస్తే అది తీసుకుంటారు. పెట్రోల్ హోస్ చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ ఈ వేడికి గట్టిపడి పగుళ్లిస్తుంది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలర్ కోసం చేసిన హోస్ మీద ఎస్ఏఈ జే1532 అని ముద్ర ఉంటుంది, అది చూసి తీసుకోండి. లోపలి వెడల్పు పాత లైన్ కంటే తగ్గకూడదు.

ఇనప లైన్ కోసి దానికి హోస్ ఎక్కిస్తే, కోసిన చివర చిన్న ఉబ్బు తీయించాలి. ఫ్లేరింగ్ టూల్ ఉన్న మెకానిక్‌కు రెండు నిమిషాల పని. నున్నటి గొట్టం మీద క్లాంపు ఎంత బిగించినా వేడికి మెత్తబడిన హోస్ ఒకరోజు జారిపోతుంది. రెండు క్లాంపులు వేశాను కదా అంటారు, రెండూ కలిసే జారతాయి. చిల్లులున్న పట్టీ క్లాంపును మరీ బిగిస్తే హోస్ చిల్లుల్లోకి పొంగి తెగుతుంది, పట్టీ లోపలివైపు నున్నగా ఉండే రకం మేలు.

కోయడం ఇష్టం లేనివారికి ఏఎన్ ఫిట్టింగుల దారి ఉంది. మరలు తిప్పి బిగించేవి, క్లాంపు ఉండదు. సైజు అంకె అంగుళంలో పదహారో వంతుల్ని చెబుతుంది కాబట్టి ఏఎన్ 6 అంటే 3/8 అంగుళం. ఖర్చు ఎక్కువ, అడాప్టర్లు వెతకాలి. మళ్లీ మళ్లీ విప్పే పని ఉన్నవారికి ఇది తగినది, మామూలు కుటుంబపు బండికి అవసరం లేదు. ఏ దారిలోనైనా ప్లాస్టిక్ ట్యాంకున్న రేడియేటర్‌కు ఫిట్టింగు విప్పేటప్పుడు రెండు స్పానర్లు వాడండి, ఒకటి పట్టుకోవడానికి, ఒకటి తిప్పడానికి. లేకపోతే ట్యాంకు లోపలి కూలరే మెలిపడుతుంది.

తిరుగు లైన్ ఏదో కనిపెట్టడం

సర్వీస్ మాన్యువల్ ఉంటే అందులో ఉంటుంది. లేకపోతే బండిని ఇరవై నిమిషాలు తిప్పి వచ్చి, రెండు లైన్ల మీదా నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టి, ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో టేపు మీదే కొలవండి. ఎక్కువ వేడిగా ఉన్నది గేర్‌బాక్స్ నుంచి బయటికి వచ్చేది, చల్లగా ఉన్నది తిరిగి వెళ్లేది. కొత్త కూలర్ చేరాల్సింది చల్లటి లైన్‌లో. టేపు ఎందుకంటే మెరిసే లోహం మీద ఆ థర్మామీటర్ తప్పు చూపిస్తుంది. లైన్ విప్పి, డబ్బాలో పెట్టి ఇంజిన్ స్టార్ట్ చేసి చూసే పద్ధతి కూడా ఉంది. అది చేస్తే రెండు మూడు సెకన్లకు మించి నడపకండి, పంపు ఊహించినదానికంటే చాలా వేగంగా ఆయిల్‌ను బయటికి తోస్తుంది.

ఆయిల్ నింపడం

కొత్త కూలర్, హోస్‌లు కొంత ఆయిల్ తాగుతాయి, అంత మేరకు పోయాలి. మీ గేర్‌బాక్స్‌కు రాసిన ఆయిలే పోయండి, అన్నిటికీ సరిపోతుందనే డబ్బాల జోలికి వెళ్లకండి. డిప్‌స్టిక్ ఉంటే మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రతలో, ఎక్కువ బండ్లకు ఇంజిన్ నడుస్తుండగానే, లెవెల్ చూడాలి. ఎక్కువ పోసినా ప్రమాదమే, తిరిగే భాగాలు దాన్ని కొట్టి నురగ చేస్తాయి.

డిప్‌స్టిక్ లేని సీల్డ్ గేర్‌బాక్సులో లెవెల్ ప్లగ్ (లెవెల్ చూడటానికి విప్పే మర మూత) ద్వారా చూస్తారు. ఆయిల్ 40 డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడు ఆ పని చేయాలని చాలా కంపెనీలు చెబుతాయి. ఇక్కడే థర్మోస్టాట్ పెట్టుకున్నవాళ్లకు ఒక మెలిక. 40 దగ్గర వాల్వు మూసుకునే ఉంటుంది, కూలర్ ఇంకా ఖాళీగానే ఉంటుంది. ఆ స్థితిలో లెవెల్ సరిపోయిందనుకుని ప్లగ్ బిగిస్తే, బండి వేడెక్కి వాల్వు తెరుచుకోగానే కూలర్ నిండటానికి ఆయిల్ వెళ్లిపోయి లోపల తక్కువవుతుంది. ముందు బండిని 90 దాకా వేడెక్కనిచ్చి, కూలర్ నిండాక, మళ్లీ చల్లారబెట్టి అప్పుడు చూడాలి. మెకానిక్‌కు ఈ సంగతి మీరే గుర్తుచేయండి.

ఇంతకీ మీకు ఏది?

ఊళ్లో తిరిగే కుటుంబపు కారు, అంకె 95 దాటడం లేదంటే ఏదీ వద్దు. ఆ డబ్బుతో ఆయిల్ మార్పించండి. రోజూ ట్రాఫిక్‌లో 105 దాటుతుంటే రేడియేటర్ తర్వాత ఒక మధ్యరకం ప్లేట్ కూలర్, కండెన్సర్ ముందు. దానితోపాటు రేడియేటర్ ఫ్యాను సరిగ్గా పనిచేస్తోందో లేదో చూపించుకోండి. నిజం చెప్పాలంటే ట్రాఫిక్ వేడి ఫిర్యాదుల్లో కొన్ని ఆ ఫ్యాను దగ్గరే తేలిపోతాయి. ట్రైలర్, ఘాట్ రోడ్లు, నిండా సామానుతో దూరప్రయాణాలు చేసేవారికి స్టాక్డ్ ప్లేట్, రేడియేటర్ తర్వాత. చలి ఎక్కువైతే థర్మోస్టాట్‌తో. ఇసుకలో, బురదలో మెల్లగా గంటలు గంటలు నడిపేవారికి అదే కూలర్, ఫ్యానుతో సహా, బురద చిమ్మని చోట.

గేర్లు ఇప్పటికే జారుతున్నా, డిప్‌స్టిక్ మీద ఆయిల్ నల్లబడి మాడిన వాసన వస్తున్నా కూలర్ కొనకండి. ముందు గేర్‌బాక్స్ చూపించుకోండి. లోపల క్లచ్‌లు జారి వేడి పుట్టిస్తుంటే కూలర్ దాన్ని దాచిపెడుతుంది, అంతే. గేర్‌బాక్స్ పాడై రిపేరు చేయించినవారు పాత కూలర్‌ను మళ్లీ వాడొద్దు. పలకల సందుల్లో ఇరుక్కున్న లోహపు పొడి ఎంత కడిగినా పూర్తిగా రాదు, అది కొత్త గేర్‌బాక్స్‌లోకి వెళ్తుంది. బండి ఇంకా వారంటీలో ఉంటే లైన్ కోసేముందు కంపెనీని రాతపూర్వకంగా అడగండి.

బిగించిన రోజు రాత్రి బండి ముందు భాగం కింద తెల్లటి అట్టముక్క పరచండి. పొద్దున్న చూసినప్పుడు చెమ్మ ఉండి రంగు లేకపోతే అది ఏసీ నీళ్లు. పచ్చగానో నారింజగానో జిగటగా ఉంటే కూలెంట్, రేడియేటర్ ఫిట్టింగు దగ్గర చూడండి. నూనెలా ఎర్రటి చుక్క ఉంటే ఏ హోస్ కింద పడిందో గుర్తుపెట్టుకుని ఆ క్లాంపును పావు చుట్టు బిగించి, రెండో రాత్రి కొత్త అట్ట వేయండి.